ఎడమవైపుకి ఒప్పుకున్నదెవరు

జూన్ 3

నా మెడ కోసిన చెయ్యి డాక్టరుది. కొయ్యమన్న నోరు నీది.

ఈ రెండు వాక్యాలూ చదివాక కూర్చో. కవరు చించుతూ గుమ్మం దగ్గరే నిలబడి చదువుతుంటావని నాకు తెలుసు.

తమ్ముడూ, కుశలప్రశ్నలు ఈసారికి మానేస్తున్నాను. ఇవాళ కట్టు మార్పించుకోడానికి హాస్పిటల్‌కి వెళ్ళాను. కట్లు మార్చే సిస్టరు మంచి మనిషి. నేను గుసగుసగా మాట్లాడితే ఆవిడా గుసగుసలాడింది. ఈమధ్య అందరూ ఇంతే, నాకు గొంతు లేదని వాళ్ళ గొంతులూ దించేస్తున్నారు. కింది కొట్టతను ఒక్కడే తేడా. నాకు చెవుడనుకుని వీధి వీధంతా వినిపించేలా అరుస్తాడు.

"రెండువైపులా ఎందుకు తీశారు సిస్టర్? నేను ఒప్పుకుంది కుడివైపు ఒక్కటేగా?" అని అడిగాను. ఆవిడ కత్తెర ట్రేలో పెట్టి నా మొహంలోకి చూసింది.

"మీ తమ్ముడుగారు ఒప్పుకున్నారు కదమ్మా. మధ్యలో డాక్టరుగారు బయటికొచ్చి అడిగారు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నా మంచం పక్కన రోజుల తరబడి కూర్చున్నావు, దిండు సర్దావు, పళ్ళు కోసి పెట్టావు. "లోపల కొంచెం ఎక్కువ పని పడిందటక్కా" అన్నావు. ఎక్కువ పని పడటానికి అది నా మెడా, వంటింటి గొట్టమా? డాక్టరే తన ఇష్టానికి చేశాడనుకుని ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నాను, నీ చేతి పళ్ళు తింటూ.

నీకు తెలిసిన సంగతే అయినా మళ్ళీ రాస్తున్నాను. ఇకమీద మన మధ్య ఏదైనా కాగితం మీదే ఉండాలి. థైరాయిడ్ గ్రంథి మెడలో కుడి ఎడమలుగా రెండు ముక్కలుంటుంది. గడ్డ కుడివైపు. కుడిముక్క తీసి పరీక్షకి పంపుతామన్నాడు ఆ చిరునవ్వు డాక్టరు. గొంతుని కదిలించే నరం ఆ గ్రంథిని ఆనుకునే పోతుందనీ చెప్పాడు. అందుకే ఒప్పందపత్రం అక్షరం అక్షరం చదివాను. "ఆపరేషన్ సమయంలో అవసరమని తోచిన ఇతర చికిత్స ఏదైనా చేయవచ్చు" అనే లైను ఒకటుంది అందులో. అది కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. "టీచరుగారు కదా!" అని డాక్టరు మళ్ళీ చిరునవ్వు నవ్వాడు. అప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. నువ్వూ నవ్వావు.

నా బతుకంతా ఈ గొంతు మీదే కదరా. సాయంత్రం కాలేజీలో పనులు ముగించుకుని వచ్చి కునికిపాట్లు పడే కుర్రాళ్ళని లేపే గొంతు. అద్దెదారుల సంఘం మీటింగులో మైకు చెడిపోయినా చివరి వరసకి వినిపించే గొంతు. ఇప్పుడు పక్క కుర్చీకి వినిపించదు.

నాకు జవాబులు కావాలి. ఆయన నిన్ను ఏ మాటలతో అడిగాడు? నువ్వు ఏ మాట చెప్పావు? గొంతు సంగతి ఎత్తాడా లేదా? ఫోన్ మాత్రం చెయ్యకు. నువ్వు మాట్లాడుతుంటే నేను గాలి ఊదుతూ కూర్చోవాలి.

గొంతు తగ్గి కోపం పెరిగిన
నీ అక్క


జూన్ 11

అక్కకు తమ్ముడు రాసుకునేది,

నీ ఉత్తరం నిలబడే చదివాను. తర్వాత కూర్చున్నాను. ఇంట్లో అందరం బాగున్నాం. నువ్వు టైముకి తింటున్నావా? మాత్ర పొద్దున్నే ఖాళీ కడుపుతో వేసుకోవాలన్నారు, గుర్తుందా? ఆ మాత్ర ఇక జీవితాంతం మానకూడదుట.

నువ్వు అడిగిన విషయానికి వస్తే, ఆపరేషన్ మధ్యలో తలెత్తిన పరిస్థితుల దృష్ట్యా, వైద్యుల సలహా మేరకు, రోగి శ్రేయస్సును కోరి, సమీప బంధువుగా సముచిత నిర్ణయం తీసుకోవడమైనది. చెడ్డగా కనిపించిందన్నారు. ఆలస్యం చేస్తే ప్రమాదమన్నారు. గొంతు సంగతి ఏమీ అనలేదు.

మొన్న మా దగ్గర ఒక అపార్టుమెంట్లో బీరువాతో సహా ఇద్దరు కూలీలు లిఫ్టులో ఇరుక్కుపోయారు. బీరువా అడ్డం పడి తలుపు తెరుచుకోదు. లోపలున్నవాళ్ళకి ధైర్యం చెప్పీ చెప్పీ నా గొంతే పోయింది. అప్పుడు నువ్వే గుర్తొచ్చావు.

కాలేజీ గురించి దిగులు పెట్టుకోకు, అన్నీ సర్దుకుంటాయి. గొంతు కూడా నెమ్మదిగా వస్తుందన్నారు. ముందు కోలుకో. మిగతావి నేను వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

నీ మేలు తప్ప ఇంకేమీ కోరని
తమ్ముడు


జూన్ 16

తమ్ముడికి,

నీ ఉత్తరంలో రెండో పేరా నీది కాదు. "సముచిత నిర్ణయం తీసుకోవడమైనది" అని నీ జన్మలో ఎప్పుడన్నా రాశావా? ఎవరు తీసుకున్నారో చెప్పకుండా నిర్ణయం దానంతటదే తీసుకోబడినట్టు రాయడం కంపెనీలకి అలవాటు, ప్రభుత్వాలకి అలవాటు. లిఫ్టు మెకానిక్కుకి ఎప్పుడబ్బింది? మరదలు పక్కన కూర్చుని చెప్పి రాయించినట్టుంది. ఆవిడకి నా అభినందనలు చెప్పు. ఏ ఆఫీసుకైనా పనికొస్తుంది.

"చెడ్డగా కనిపించింది." ఏది? ఎవరికి? చెడ్డ అంటే ఏమిటి? నా విద్యార్థి ఇలా రాస్తే సున్నా పెట్టి పంపేదాన్ని. "ఆలస్యం చేస్తే ప్రమాదం." ఎంత ఆలస్యం? దేనికి ప్రమాదం? నువ్వు నీళ్ళు నములుతున్నావురా. నువ్వు నీళ్ళు నమిలితే నీ నోట్లో ఏదో ఉందన్నమాటే.

అది తెలుసుకుందామనే హాస్పిటల్‌కి వెళ్ళి పరీక్ష రిపోర్టు అడిగాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "అటెండెంటుకి ఇచ్చేశామండీ" అంది.

"ఆ రోగిని నేనే."

"అవునండీ. మీ అటెండెంటుకే ఇచ్చాం."

"ఇంకో కాపీ ఇవ్వండి."

"డాక్టరుగారు సంతకం పెట్టాలండీ. ఆయన ఊళ్ళో లేరు. మీ తమ్ముడుగారికి ఫోన్ చేసి అడగండి, నంబరు ఇమ్మంటారా?"

నా తమ్ముడి నంబరు నాకే ఇస్తుందిట! నాకు నలభై ఏడేళ్ళు. ఓటేస్తాను, పన్ను కడతాను, ఇంకొకళ్ళ పిల్లలు పాసో ఫెయిలో తేలుస్తాను. నా మెడలో ఏముందో నాకు చెప్పడానికి మాత్రం మగవాడి నంబరు ఒకటి మధ్యలో ఉండాలి. పైగా అటెండెంటట. సినిమాహాల్లో టార్చిలైటు పట్టుకునేవాడిలా ఉంది పేరు, తీరా చూస్తే హక్కులన్నీ వాడివే.

ఇంకొకటి విను. గొంతు డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి కెమెరాలో చూసింది. మనం మాట్లాడినప్పుడు రెండు తీగలు కదిలి ఒకదానికొకటి తగలాలి. నాకు ఒకటి కదలడం లేదు. ఏ వైపుది? ఎడమవైపుది. కుడివైపుకి నేను ఒప్పుకున్నాను, కుడితీగ శుభ్రంగా కదులుతోంది. ఎడమవైపుకి నువ్వు ఒప్పుకున్నావు.

నీ పని సంగతే నిన్ను అడుగుతాను. లిఫ్టు గుంటలోకి దిగేముందు నువ్వు మెయిన్ స్విచ్చికి నీ తాళం వేసి చెవి జేబులో పెట్టుకుంటావు. ఇద్దరు దిగితే రెండు తాళాలు. ఎవరి తాళం వాళ్ళే తియ్యాలి, మేస్త్రి అయినా ముట్టుకోకూడదు. నువ్వే గర్వంగా చూపించావు నాకు. ఆ పత్రంలో లైను కొట్టేసి నేను వేసింది అలాంటి తాళమే. నేను గుంటలో ఉండగా నువ్వు దాన్ని తీసి డాక్టరు చేతికిచ్చావు.

చివరగా కాలేజీ. ప్రిన్సిపాల్ నా క్లాసులన్నీ వేరే ఆయనకి ఇచ్చేశాడు. "మీ తమ్ముడు ఫోన్ చేశారమ్మా, మీకు విశ్రాంతి కావాలన్నారు" అన్నాడు. అన్నీ సర్దుకుంటాయని నువ్వు రాసింది ఈ సర్దుడు గురించేనా? నన్ను ఇంట్లో కూర్చోబెట్టే కాంట్రాక్టు కూడా నీకే దక్కిందా?

రిపోర్టు వెంటనే పంపు.

నీ చేత "రోగి" అనిపించుకున్న
అక్క


జూన్ 24

అక్కా,

ఈ ఉత్తరం నా సొంతం. మెషిన్ రూములో కూర్చుని రాస్తున్నాను. గ్రీజు మరకలు చూసైనా నమ్ము.

మీ మరదలు చెప్పి రాయించిన మాట నిజమే. "ఏదీ ఒప్పుకుంటూ రాయకండి, వదినగారు దీన్నీ ఒక వ్యాసం చేస్తారు" అంది. మా అక్క అలాంటిది కాదన్నాను. నువ్వు ప్రశ్నలు వేసే తీరు చూస్తే నాకే అనుమానం వస్తోంది. ఇవి అక్కగా అడుగుతున్నావా, కేసు వెయ్యడానికి అడుగుతున్నావా? ఏదైనా సరే, రాసేస్తున్నాను. దాచి దాచి నాకు అన్నం సహించడం లేదు.

నేను ఆపరేషన్ థియేటర్ తలుపు బయట ఉన్నాను. పక్కనే లిఫ్టు. దాని తలుపు మూసుకునేటప్పుడు అడుగున రాసుకుంటోంది. భయం వేస్తే నా కళ్ళు అలాంటివాటి మీదికే పోతాయి. సర్దితే నిమిషంలో పోయే చప్పుడు, ఎవరూ పట్టించుకోలేదే అనుకుంటున్నాను. ఇంతలో డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాక్కుని వచ్చాడు. చేతులు రెండూ దేనికీ తగలకుండా ఛాతీకి ఎదురుగా పట్టుకున్నాడు.

"చిన్న ముక్క పరీక్షకి పంపాం, చెడ్డదే అంటున్నారు. రెండోవైపు కూడా తీసేస్తే మంచిది. ఎలాగూ తెరిచే ఉంది. ఏమంటారు?"

"అక్క ఆ లైను కొట్టేసిందండీ" అన్నాను.

"అందుకేగా మిమ్మల్ని అడుగుతోంది" అన్నాడు.

"గొంతుకేమన్నా అవుతుందా?" అని అడిగాను. అడిగానక్కా. గొంతు సంగతి ఆయన అనలేదని నీకు అబద్ధం రాశాను. ఆయన చెప్పాడు: "నూటికి ఒకరిద్దరికి అవుతుంది. మీకు గొంతు ముఖ్యమా, మనిషి ముఖ్యమా?"

తీసెయ్యండి అన్నాను.

నువ్వు ఆ లైను ఎందుకు కొట్టేశావనుకున్నానో తెలుసా? వాళ్ళు ఇష్టమొచ్చినట్టు చెయ్యకుండా బయటికొచ్చి మనల్ని అడగాలని. నన్ను అక్కడ నిలబెట్టింది అందుకేననుకున్నాను. నువ్వన్నట్టు నేను తాళం తియ్యలేదు, చెవి నా చేతికిచ్చి లోపలికి వెళ్ళావనుకున్నాను. కాకపోతే నన్నెందుకు నిలబెట్టావు? నీ కళ్ళజోడు పట్టుకోడానికా?

తాళం మాట ఎత్తావు కాబట్టి చెప్తున్నా. తాళం వేసినవాడు కింద స్పృహ తప్పి పడుంటే మేస్త్రి ఇద్దరు సాక్షుల్ని పెట్టుకుని దాన్ని కోస్తాడు. అదీ రూలే.

రిపోర్టు ఇందులో పెడుతున్నాను. క్యాన్సరే. నిదానంగా పెరిగే రకమని ఉంది. రెండోవైపు కూడా చుక్కంత ఉందిట. గొంతు మానేదాకా నీకు చెప్పొద్దని డాక్టరు అన్నాడు, సరేనన్నాను. ఇప్పుడు మొత్తం తీసేశారు, భయం లేదన్నారు. అంటే నేను చెప్పింది తప్పు కాలేదు కదా?

కాలేజీకి ఫోన్ చేసింది నీ క్లాసులు పీకించడానికి కాదు. గొంతు వచ్చేదాకా ఏదైనా రాతపని ఇచ్చి, క్లాసులు మాత్రం నీ పేరు మీదే ఉంచమని బతిమాలాను. ఆయన అందులోంచి విశ్రాంతి అన్న మాట ఒక్కటి ఏరుకున్నాడు.

నా చదువు నువ్వే తేల్చావు, ఉద్యోగం నువ్వే తేల్చావు, పెళ్ళి సంబంధం కూడా నువ్వే చూసొచ్చావు. ఏనాడైనా ఎదురు చెప్పానా? జన్మలో ఒక్కసారి నీ విషయంలో నోరు తెరిచాను, అదీ నువ్వు చచ్చిపోతావేమోనని.

తమ్ముడు


జూలై 2

తమ్ముడూ,

నా జబ్బు పేరు నాకు చెప్పింది డాక్టరు కాదు, గ్రీజు మరకల కాగితం. చదివాక కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎదురుమేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఏడవలేదు. ఏడ్చినా చప్పుడు రాదు, ఆ సుఖమూ లేదు.

తర్వాత రిపోర్టు పట్టుకుని ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ హాస్పిటల్‌కి సంబంధం లేని మనిషి. నేను కాగితం మీద ప్రశ్న రాస్తే ఆయనా కాగితం మీదే జవాబు రాయబోయి నవ్వాడు.

"ఆ రోజు కుడివైపుతో ఆపి కుట్టేసి, నేను లేచాక అడిగి ఉంటే ఏమయ్యేది?" అని రాశాను.

"కొన్నాళ్ళ తర్వాత ఇంకోసారి మత్తివ్వాలి. మానిన మచ్చలోంచి మళ్ళీ కొయ్యడం కొంచెం కష్టం. అంతే. ఈ రకం అన్నాళ్ళలో ఎక్కడికీ పారిపోదండీ" అన్నాడు.

విన్నావా? నా ప్రాణం ఆ కారిడార్‌లో వేలాడుతూ లేదు. గొంతా మనిషా అన్న ప్రశ్నే మోసం. ఇవాళా, కొన్నాళ్ళాగా అన్నది అసలు ప్రశ్న. అది అడిగి ఉంటే అంత భయపడ్డ నువ్వు కూడా "ఆగండి, మా అక్క లేచాక చెప్తుంది" అనేవాడివి. భయపెట్టి అడిగితే ఎవడైనా ఊ అంటాడు. దాన్ని అంగీకారం అంటే జేబుదొంగకి పర్సు ఇచ్చినవాణ్ణి దాత అనాలి.

నీ మేస్త్రి తాళం కోస్తాడన్నావు. దేనికి? కింద పడ్డవాణ్ణి పైకి తియ్యడానికి. వాడు కిందుండగా లిఫ్టు నడపడానికి కాదు కదా?

ఇక రెండోవైపు చుక్కంత ఉంది కాబట్టి నీది తప్పు కాలేదన్న మాట. నన్ను అడిగి ఉంటే నేనూ బహుశా తీసెయ్యమనేదాన్ని. రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను, దాచుకో. నాకు మండుతున్నదీ అందుకే. నేను ఎలాగూ చెప్పబోయే మాటని నా నోట చెప్పించుకోడానికి కూడా ఎవరికీ ఓపిక లేకపోయింది. ముందు నాలుగు క్లాసులు చెప్పుకునేదాన్ని. సంఘంలో నా బదులు మాట్లాడేవాళ్ళని తయారుచేసుకునేదాన్ని. ఈ గొంతుతో నీతో ఒకసారి తీరిగ్గా పోట్లాడేదాన్ని. పోతే పోయేది. పోతుందని తెలిసి పోగొట్టుకోవడం వేరు, మత్తులోంచి లేచి వెతుక్కోవడం వేరు.

నన్నెందుకు నిలబెట్టావని అడిగావు. జవాబు తర్వాత రాస్తాను, ముందు ఆలోచిస్తాను.

కాలేజీ విషయంలో నీ మీద పడ్డ అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను. సగమే. ఎందుకంటే అప్పుడూ నన్ను అడగలేదు.

మేం నడిపే పత్రిక రేపు ప్రెస్సుకి వెళ్ళాలి, రాయాల్సింది ఉంది.

అక్క


జూలై 13

రచయిత్రిగారికి,

మీ పత్రిక మా వర్క్‌షాపుకి కూడా వస్తుందని మీకు తెలిసే ఉంటుంది. మా పొడుగు మేస్త్రి టీ తాగుతూ పైకి చదివాడు. "కారిడార్‌లో కోసిన గొంతు." బాగుంది శీర్షిక. చప్పట్లు కూడా కొట్టారు. "ఇలాంటి తమ్ముణ్ణి లిఫ్టు గుంటలో పడేసి తాళం వెయ్యాలిరా" అన్నాడొకడు. ఆ తర్వాత "నేను థియేటర్ తలుపు బయట ఉన్నాను, పక్కనే లిఫ్టు, దాని తలుపు రాసుకుంటోంది" అన్న చోటికి వచ్చేసరికి మేస్త్రి చదవడం ఆపి నా వైపు చూశాడు. ఇంకెవరూ చప్పట్లు కొట్టలేదు.

నా ఉత్తరం అక్కా అది. నీకు రాసుకున్నది.

పైగా సగమే వేశావు. "గొంతుకేమన్నా అవుతుందా" అని నేను అడిగిన ప్రశ్న లేదు. నువ్వు చచ్చిపోతావేమోనని భయపడ్డ మాట లేదు. "తీసెయ్యండి అన్నాను" దగ్గర ఆపేశావు. నీకు అక్కర్లేని ముక్కలు కోసేసి కుట్టేశావు. పేరు లేదు కదా అంటావు. ఆ వర్క్‌షాపులో ఆపరేషన్ అయిన అక్క ఎంతమందికి ఉందనుకున్నావు?

మీ మరదలు "నేను ముందే చెప్పానా?" అనలేదు. అని ఉంటే బాగుండేది. అన్నం వడ్డించి ఊరుకుంది.

హాస్పిటల్ నుంచి మళ్ళీ నాకే ఫోన్ వచ్చింది. కదలని తీగలోకి సూదిమందు ఎక్కించి దాన్ని మధ్యకి జరుపుతారుట. గొంతు పూర్తిగా కాకపోయినా చాలావరకు వస్తుందిట. తేదీ ఇరవైతొమ్మిది. మత్తు ఇస్తారు కాబట్టి బయట ఒక మనిషి ఉండాలిట. వాళ్ళ కౌంటరు నంబరు కింద రాశాను. వెళ్ళడమో మానడమో నీ ఇష్టం.

నేను రాను. నేను నిలబడితే తప్పు, నోరు తెరిస్తే తప్పు, రాస్తే అచ్చు. ఇంకెవరినైనా నిలబెట్టుకో.

సమీప బంధువు


జూలై 19

తమ్ముడూ,

"రచయిత్రిగారు" అన్న మాట దెబ్బ తగిలింది. తగలాలనే కదా రాశావు.

నిన్న నీకు జవాబు రాయడం మొదలుపెట్టాను. ఇలా రాశాను: "ప్రెస్సు వాళ్ళు తొందరపెట్టారు, నిన్ను అడిగే టైము లేదు. అడిగినా నువ్వు ఎలాగూ కాదనవు అనుకున్నాను. పదిమందికి మేలు జరిగే విషయం." రాసి చదువుకున్నాను. ఆ చిరునవ్వు డాక్టరుని నిలదీస్తే ఆయన చెప్పేదీ అక్షరాలా ఇదే. టైము లేదు, ఎలాగూ ఒప్పుకునేవారు, మేలు కోసమే. ఆ కాగితం చించేశాను.

ఆ వ్యాసంలో హాస్పిటళ్ళ గురించి రాసిన ప్రతి మాటకీ కట్టుబడి ఉన్నాను, ఒక్కటీ వెనక్కి తీసుకోను. నిన్ను కోసి వేసిన ముక్క మాత్రం తప్పు. నీ ప్రశ్న ఎందుకు తీసేశానో కూడా చెప్తాను. స్థలం లేక కాదు. అది ఉంచితే చదివేవాళ్ళకి నీ మీద కోపం రాదు. నాకు నీ మీద కోపం కావాల్సి వచ్చింది. డాక్టరు మీద కోప్పడితే ఆయన చిరునవ్వు నవ్వుతాడు. నీ మీద కోప్పడితే నీకు నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టేచోటే కదా మనిషి కొడతాడు.

నన్నెందుకు నిలబెట్టావని అడిగావు. ఇన్నాళ్ళూ వెతికితే దొరికిన జవాబు ఇది: నాకు భయమేసింది. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు తల తిప్పితే తెలిసిన మొహం కనబడాలి. అంతకుమించి ఏమీ లేదు. నిర్ణయం చెయ్యమని కాదు, కళ్ళజోడు పట్టుకోమని కూడా కాదు. ఆ సంగతి ముందే నీకు చెప్పాల్సింది. లైను కొట్టేశాను గానీ దాని బదులు ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు, నీకూ చెప్పలేదు. ఖాళీ ఉంచితే ఎవరో ఒకరు నింపుతారు. డాక్టరు నీతో నింపాడు.

ఇవాళ కౌంటరుకి వెళ్ళాను. ఈసారి ఆ అమ్మాయి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను, కదలనని కాగితం మీద రాసి చూపించాను. వెనక వరస పెరిగింది. చివరికి నీ నంబరు తీసి నాది ఎక్కించింది. గొంతు డాక్టరుని కలిశాను. సూదిమందు వల్ల ఏం కావచ్చు, ఏం కాకపోవచ్చు, మానేస్తే ఏమవుతుంది, ఆగితే గొంతు దానంతటదే వచ్చే అవకాశం ఎంత, అన్నీ అడిగాను. ఆవిడకి చిరునవ్వు రాదు గానీ తిన్నగా జవాబులొచ్చాయి. దగ్గరుండి చాలావరకు రాయించుకున్నాను. ఆలోచించి ఒప్పుకున్నాను. ఇరవైతొమ్మిదినే.

బయట ఒక మనిషి ఉండాలంటున్నారు. సంఘంలో పదిమంది వస్తామన్నారు. వాళ్ళెవరూ నాకు వద్దు. కాబట్టి నా డిమాండ్లు కింద రాస్తున్నాను, కొన్ని హాస్పిటల్‌కి, కొన్ని నీకు, కొన్ని నాకే. హాస్పిటల్‌వి వాళ్ళకి ఇచ్చేశాను. నీవి నీ ముందు పెడుతున్నాను.

ఒకటి. నా రిపోర్టు, నా తేదీ, నా జబ్బు పేరు ముందు నాకు చెప్పాలి. ఇంకెవరికి చెప్పాలో నేను చెప్తాను.

రెండు. నేను ఒప్పుకున్న పని తప్ప ఇంకేదైనా అవసరమని లోపల తోస్తే, ఆపాలి, నన్ను లేపాలి, నన్ను అడగాలి.

మూడు. ఆ క్షణాన ఆపితే నా ప్రాణం పోయేట్టుంటే నన్ను బతికించాలి. అప్పుడు బయటికొచ్చి ఎవరినీ భయపెట్టక్కర్లేదు.

నాలుగు. డాక్టరు బయటికొచ్చి నిన్ను ఏ ప్రశ్న వేసినా నువ్వు చెప్పాల్సింది: "ఆమెని అడగండి." మళ్ళీ అడిగితే మళ్ళీ అదే.

అయిదు. నాకు చెప్పొద్దని ఎవరైనా నీకు చెప్తే, ఆ మాట కూడా నాకు చెప్పాలి.

ఆరు. నీ ఉత్తరం పూర్తిగా, నీ ప్రశ్నతో సహా, వచ్చే సంచికలో నా క్షమాపణ కింద వెయ్యాలని నాకు ఉంది. నువ్వు వెయ్యమంటే వేస్తాను. వద్దంటే క్షమాపణ ఒక్కటే వేస్తాను. కారణం చెప్పక్కర్లేదు.

ఏడు. ఇకమీద నీ విషయాలు నేను తేల్చను. తేల్చబోతే నా నోరు ముయ్యి. ప్రస్తుతానికి అది చాలా తేలిక.

ఎనిమిది. ఇరవైతొమ్మిది పొద్దున్న ఆ తలుపు బయట నువ్వే ఉండాలి.

తొమ్మిది. ఎనిమిదోదానికి నీకు ఇష్టం లేకపోతే రానని రాయాలి. రెండోసారి అడగను.